1967 కమారోలో వెనక చక్రాల దబదబ: బార్లు కొనే ముందు కారు కిందకి దూరండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటున్నారు. 1967 షెవర్లే కమారో కొని ఏడాదైంది. 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్, నాలుగు గేర్ల మాన్యువల్, వెనక కంపెనీ ఇచ్చిన ఒంటిపట్టీ స్ప్రింగులే, అంటే పక్కకి ఒకే ఉక్కు పట్టీ. మామూలుగా నడిపితే ఏ గొడవా లేదు. ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కి క్లచ్ గబుక్కున వదిలితే మాత్రం కారు ముందుకు దూకదు. వెనక చక్రాలు దబదబమని నేలకేసి కొట్టుకుంటాయి, డిక్కీలో ఎవరో సమ్మెటతో బాదుతున్నట్టు. ఎవరో చెబితే ఎయిర్ షాకులు (గాలి నింపే షాక్ అబ్జార్బర్లు) వేయించారు, తగ్గలేదు. ఇప్పుడు ట్రాక్షన్ బార్లు (ఇరుసు మెలి తిరగకుండా ఆపే ఉక్కు చేతులు) కొనాలా, ఐదు పట్టీల స్ప్రింగులు కొనాలా అన్నది ప్రశ్న.

రెండూ మంచి వస్తువులే. కానీ ఈ నెల ఏదీ కొనకండి. ఎందుకో చెప్పేలోపు ఒక జాగ్రత్త. ఆ దబదబ మొదలవగానే కాలు తీసేయండి. ఇంకాస్త తొక్కితే అదే కుదురుకుంటుందిలే అనుకోవద్దు. టైరు జారుతూ తిరుగుతున్నంతసేపు గేర్లకి పెద్ద కష్టం లేదు. జారుతున్న టైరు ఉన్నట్టుండి నేలని పట్టుకున్నప్పుడే ఆ దెబ్బంతా యాక్సిల్ షాఫ్టులు, పినియన్ (డిఫరెన్షియల్‌ని తిప్పే చిన్న గేరు) పళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లైన యూ-జాయింట్ల క్రాసుల మీద పడుతుంది. అదీ ఒకసారి కాదు, సెకనులో ఎన్నోసార్లు. మీ కారులో ఉన్నది 10 బోల్టుల డిఫరెన్షియల్ అయినా, 12 బోల్టులదైనా, షాఫ్టుల్ని లోపల పట్టి ఉంచేవి చిన్న సీ-క్లిప్పులే. షాఫ్టు విరిగిందంటే చక్రంతో సహా బయటికి జారి రావచ్చు. నాకు విరిగింది కాబట్టే చెబుతున్నాను. డ్రాగ్ స్ట్రిప్‌లో (తిన్నటి పరుగు పందేల ట్రాక్‌లో) స్టార్ట్ లైన్ దాటి పట్టుమని పదడుగులు పోకముందే విరిగింది, అది నా అదృష్టం. అదే హైవే మీదకి ఎక్కే చోట అయితే ఈ జవాబు రాయడానికి ఉండేవాణ్ణో లేదో.

ఇక అసలు సంగతి. చాలామంది దీన్ని చక్రం పైకీ కిందకీ ఎగరడం అనుకుంటారు, అందుకే షాకులు మార్చేస్తారు. ఎగరడం కంటికి కనిపించేది మాత్రమే. దానికి మూలం మెలి. ఎడ్లబండి ఇరుసుకి ఈ బాధ ఉండదు, బండిని లాగేది ఎద్దులు కాబట్టి. మీ కారులో ఇరుసే బండిని తోస్తోంది. ఇంజిన్ చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే, ఆ చక్రాన్ని మోస్తున్న హౌసింగ్ (ఇరుసు బయటి గొట్టం) వెనక్కి తిరగాలని చూస్తుంది. దాంతో డిఫరెన్షియల్ ముక్కు, అంటే పినియన్ ఉండే వైపు, పైకి లేస్తుంది. దాన్ని ఆపడానికి మీ కారులో వేరే రాడ్డు ఏమీ లేదు. ఉన్నవి రెండు స్ప్రింగు పట్టీలే. హౌసింగ్ మెలి తిరిగేసరికి పట్టీ ముందు సగం పైకి, వెనక సగం కిందకి వంగి, పక్క నుంచి చూస్తే పడుకున్న ఎస్ అక్షరంలా అవుతుంది. అలా చుట్టుకున్న పట్టీలో బోలెడు శక్తి దాగి ఉంటుంది. టైరు పట్టు దాటి జారిన క్షణంలో ఆ శక్తి విడుదలవుతుంది. పట్టీ టప్పున విచ్చుకుని, హౌసింగ్ వెనక్కి తిరిగి, టైరుని నేలకేసి కొడుతుంది. టైరు మళ్లీ పట్టుకుంటుంది, పట్టీ మళ్లీ చుట్టుకుంటుంది. మీరు వింటున్న దబదబ ఇదే.

ఎంత మెలి అంటారా? 1967లో కమారో ఎస్‌ఎస్ మోడల్ 350 ఇంజిన్‌కి కంపెనీ రాసిన లెక్క 295 హార్స్‌పవర్, 380 పౌండ్-అడుగుల టార్క్. మీ గేర్‌బాక్స్ ఫస్ట్ గేర్ 2.52, వెనక డిఫరెన్షియల్ రేషియో 3.55 అనుకుందాం. మూడూ గుణిస్తే దాదాపు 3,400 పౌండ్-అడుగులు. ఇరుసుకి 20 అడుగుల గొట్టం వెల్డింగ్ చేసి, దాని చివర 170 పౌండ్ల మనిషి, అంటే 77 కిలోల మనిషి, నిలబడితే ఎంతో అంత. నిజానికి టైరు అంత బలాన్ని నేలకి అందించలేదు, అంతకుముందే జారిపోతుంది. కానీ క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు, వేగంగా తిరుగుతున్న ఫ్లైవీల్ బరువు కూడా ఆ దెబ్బకి తోడవుతుంది. మెల్లగా బయల్దేరితే రాని దబదబ క్లచ్ వదిలితేనే ఎందుకు వస్తోందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

మా పెదనాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాను కట్టల పని ఉండేది. సెలవుల్లో అక్కడ కూర్చుని ఆయన చేసే పని చూసేవాణ్ణి. కట్ట తెరిచినప్పుడు ఆయన చూపు ముందు కన్ను మీదే ఉండేది. కన్ను అంటే పట్టీ చివర బోల్టు దూరే గుండ్రటి చుట్ట. 'వెనక సగం బరువు మోస్తుందిరా, ముందు సగం బండిని తోస్తుంది' అనేవాడు. ఆ మాట లారీకి చెప్పిందే కానీ మీ కమారోకి కూడా సరిగ్గా సరిపోతుంది. వెనక చివర షాకిల్‌కి (ఊగే లింకుకి) వేలాడుతూ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కాబట్టి అది తోయలేదు. కారుని తోసేదీ, ఇరుసు మెలిని ఆపేదీ ముందు సగమే. దాన్ని స్ప్రింగు అనుకోకండి, చెయ్యి అనుకోండి. ఆ చెయ్యి ఎక్కడ మెత్తబడిందో వెతకడమే ఈ జబ్బుకి వైద్యం.

మీ కారుకి పుట్టుకతోనే ఆ చెయ్యి కొంచెం మెత్తన. 1962లో వచ్చిన షెవీ టూ అనే కారులో షెవర్లే వాళ్లు ఒంటిపట్టీ స్ప్రింగు మొదలుపెట్టారు. వెడల్పుగా, మధ్యలో మందంగా, చివర్లకి పలచబడే ఒకే పట్టీ అది. చప్పుడు చేయదు, తుప్పు పట్టి కిర్రుమనదు, చిన్న ఇంజిన్‌కి హాయిగా సరిపోతుంది. 1967 కమారో అన్నిటికీ అదే వేశారు. కట్టగా ఉండే పట్టీలైతే ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడే ఊగుడిని కొంత చంపుతుంది. ఒంటిపట్టీకి ఆ రాపిడి లేదు. చుట్టుకుంది అంటే చుట్టుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. పైగా ఆ ఏడాది రెండు షాకులూ ఇరుసుకి ఒకే పక్క ఉన్నాయి. అలా ఉంటే ఇరుసు మెలి తిరుగుతూనే కాస్త పైకో కిందకో జరిగి షాకుల్ని తప్పించుకోగలదు. షాకుకి సాగడమో నొక్కుకోవడమో జరిగితేనే కదా అది పని చేసేది.

ఈ సంగతి కంపెనీకీ తెలుసు. 1967లోనే బలమైన ఇంజిన్లున్న కొన్ని కార్లకి కుడి పక్క ఒక రాడ్డు వేసి పంపారు. కుడి పక్కే ఎందుకంటే, ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగే తిప్పుడు ఇరుసుని ఎడమ పక్క కిందకి, కుడి పక్క పైకి నెడుతుంది. కుడి చక్రం తేలికపడి ముందుగా పట్టు విడుస్తుంది. 1968కి వచ్చేసరికి ఒక షాకుని ఇరుసు ముందు, రెండోదాన్ని ఇరుసు వెనక పెట్టారు, బలమైన మోడళ్లకి పట్టీల కట్ట ఇచ్చారు. షాకులు అలా ఎదురుబొదురుగా ఉంటే మెలి తప్పించుకోలేదు, ఒకటి సాగితే ఒకటి నొక్కుకుంటుంది. ఆ ఏడే ఫోర్డ్ వాళ్లు 428 కోబ్రా జెట్ ఇంజిన్ ఉన్న మస్టాంగ్‌లో మాన్యువల్ గేర్ల కార్లకి ఇదే ఉపాయం వాడారు. ఈ విషయంలో నాకు అందరికంటే తెలివైనవాళ్లుగా కనిపించేది క్రైస్లర్ వాళ్లే. ఇరుసుని స్ప్రింగు మధ్యలో కాకుండా ముందుకి జరిపి పెట్టారు. దాంతో ముందు భాగం పొట్టిగా గట్టిగా, వెనక భాగం పొడుగ్గా మెత్తగా అయింది. మా పెదనాన్న మాటని డెట్రాయిట్‌లో ఎవరో ఇనుములో రాసినట్టు ఉంటుంది.

సరే, ఇప్పుడు మీ కారు. అమెరికాలో 1967 కమారోలు తయారైంది రెండు చోట్ల. ఒకటి కాలిఫోర్నియాలో వాన్ నైస్, రెండోది మీ ఒహాయోలోనే, సిన్సినాటి పక్కన నార్‌వుడ్. ఎక్కడ పుట్టినా, ఒహాయో చలికాలాలు చూసిన కారైతే రోడ్ల మీద చల్లే ఉప్పు దాని అడుగుభాగాన్ని తిని ఉంటుంది. కాబట్టి మొదటి పని, కారుని జాకీ మీద ఎత్తి గట్టి స్టాండుల మీద నిలబెట్టి, టార్చి పట్టుకుని కిందకి దూరడం. జాకీని నమ్ముకుని దూరకండి.

ముందు కన్ను నుంచి మొదలుపెట్టండి. స్ప్రింగు ముందు చివర ఒక ఉక్కు బ్రాకెట్‌లో ఉంటుంది, ఆ బ్రాకెట్ కారు బాడీ రేకుకి బోల్టులతో బిగించి ఉంటుంది. మీ కారుకి ముందు భాగంలో మాత్రమే విడిగా సబ్‌ఫ్రేమ్ ఉంది, వెనక అంతా బాడీయే ఫ్రేము. అంటే మొత్తం తోపు ఆ రేకు మీదే పడుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో చుట్టూ పొడిచి చూడండి. టంగుమంటే మంచిది. పొరలు పొరలుగా రాలినా, మొన లోపలికి దిగినా, బార్లూ స్ప్రింగులూ అన్నీ పక్కన పెట్టి వెల్డింగ్ తెలిసిన మనిషిని పట్టుకోండి. తుప్పు రేకు మీద కొత్త బార్ బిగిస్తే అది ఆ రేకునే చీల్చుకుని బయటికొస్తుంది.

రేకు బాగుంటే బుష్, అంటే కన్ను లోపల బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టం, చూడండి. మీ కారులో బుష్‌లు ఎప్పుడు మార్చారో పాత ఓనరుకి కూడా తెలియదన్నారు. యాభై ఏళ్లు దాటిన రబ్బరు అయ్యుంటే దాన్ని రబ్బరు అనడం మర్యాదకే. పొడుగాటి గట్టి ఇనుప కడ్డీ ఒకటి కన్ను దగ్గర దూర్చి ముందుకీ వెనక్కీ ఎత్తండి. కన్ను బోల్టు చుట్టూ కదులుతూ కనిపిస్తే అక్కడ మీకు ఇంకో స్ప్రింగు ఉన్నట్టే, ఎవరూ డిజైన్ చేయని స్ప్రింగు. పట్టీ ఎంత గట్టిదైనా దాని చివర వదులైతే లాభం ఏముంది? ముందు కంటికి పాలీయురేథేన్ బుష్ వేయండి, దానికి సరిపడే గ్రీజు పూసి మరీ. లేకపోతే మీ వీధి మలుపు తిరగకముందే మీ ఆవిడకి మీరొస్తున్నట్టు తెలిసిపోతుంది, అంత కిర్రుమంటుంది. వెనక షాకిల్ దగ్గర మాత్రం రబ్బరే ఉంచండి, మలుపుల్లో పట్టీ కాస్త మెలి తిరగడానికి వెసులుబాటు ఉండాలి. రబ్బరు బుష్‌ల బోల్టులు ఆఖరి బిగింపు బిగించేది కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందకి దించగానే రబ్బరు మెలిపడి నాలుగు నెలల్లో చిరుగుతుంది. ఈ ఒక్క తప్పు చేయని గ్యారేజీని నేను అరుదుగా చూశాను.

తర్వాత ఇరుసు స్ప్రింగు మీద కూర్చునే చోటు. పైనా కిందా రబ్బరు మెత్తలు ఉంటాయి. అవి నలిగి పీలికలైతే ఎన్ని బోల్టులు బిగించినా ఇరుసు ఆ మెత్తల మధ్య ఊగుతూనే ఉంటుంది. ఒక చిన్న పరీక్ష చెబుతాను. స్ప్రింగు మీదుగా, ఇరుసు సీటు మీదుగా తెల్ల పెయింటుతో ఒకే గీత గీయండి. కారుని రెండుసార్లు గట్టిగా లాంచ్ చేసి మళ్లీ చూడండి. గీత రెండు ముక్కలై అటూ ఇటూ జరిగి ఉంటే దొంగ దొరికినట్టే. బోల్టుల్ని షాప్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించి, వందా రెండొందల మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేయండి. కొత్త మెత్తలు కుదురుకుంటాయి, బిగువు తగ్గుతుంది.

పనిలో పనిగా ఇంజిన్ మౌంట్లు, అంటే ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, కూడా చూడండి. 1965 నుంచి 1969 దాకా వచ్చిన షెవర్లేల్లో ఇంజిన్ మౌంట్ రబ్బరు విడిపోయి ఇంజిన్ పైకి లేచిపోతోందని 1971 చివర్లో 67 లక్షల బండ్లని వెనక్కి పిలిచారు. అప్పుడు చేసిన రిపేరు మౌంట్ మార్చడం కాదు, ఇంజిన్ లేవకుండా ఒక కేబుల్ కట్టడం. మీ కారులో ఇప్పటికీ ఆ కేబుల్ వేలాడుతూ కనిపించొచ్చు. విరిగిన మౌంట్ దానంతట అది దబదబ తేదు, కానీ ఇంజిన్ ఒకసారి ఎగిరి పడితే ఆ కుదుపు వెనక మెలికి తోడవుతుంది. బానెట్ ఎత్తి, బ్రేకు తొక్కి పట్టుకుని, ఇంకొకరు పక్కన నిలబడి చూస్తుండగా క్లచ్ కొంచెం కొంచెం వదలండి. ఎడమ పక్క ఇంజిన్ అంగుళం లేస్తే మౌంట్ పోయినట్టే. చూసే మనిషి కారు ముందు నిలబడకూడదు.

ఆ ఎయిర్ షాకులు తీసేయండి. కోపం తెచ్చుకోకండి, డెబ్బైల్లో ఈ దేశమంతా ఆ తప్పే చేసింది, వెనక లావు టైర్లు పట్టడానికి తోక పైకెత్తి తిరిగారు. వాటి పని కారుని ఎత్తడం, ఊగుడు ఆపడం కాదు. స్ప్రింగు మోయాల్సిన బరువుని షాక్ మౌంట్ మీదకి తెస్తాయి, ఆ మౌంట్ అంత బరువు కోసం చేసింది కాదు. వాటి బదులు మంచి గ్యాస్ షాకులు, వీలైతే బిగువు సర్దుకునేవి వేయండి.

టైర్ల వయసు చూశారా? పక్క గోడ మీద డీఓటీ కోడ్ చివర 4 అంకెలు ఉంటాయి. 3514 అని ఉంటే 2014లో 35వ వారం. ఇలాంటి కార్లు ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిరగవు కాబట్టి తొక్క నిండుగా ఉంటుంది, చూడ్డానికి కొత్తవే. కానీ రబ్బరు రాయి అయిపోయి ఉంటుంది. రాయిలాంటి రబ్బరు కాస్త పట్టి, కాస్త జారి, మళ్లీ పట్టుకుంటుంది. దబదబకి కావలసింది సరిగ్గా అదే. పట్టు పెరుగుతుందని గాలి మరీ తగ్గించేవాళ్లున్నారు. రేడియల్ టైరు పక్క గోడ మెత్తనైతే అది కూడా చుట్టుకుని విచ్చుకునే స్ప్రింగు అవుతుంది. 28 పౌండ్లతో మొదలుపెట్టి, రెండేసి పౌండ్లు మార్చి చూడండి.

ఇవన్నీ సరిచేశాక చాలా కార్లలో జబ్బు సగానికి సగం పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని బార్లు కొనొద్దన్నది అందుకే. కానీ మీది ఒంటిపట్టీ, నాలుగు గేర్ల మాన్యువల్. పూర్తిగా పోతుందని నేను హామీ ఇవ్వను. మిగిలినదానికి ఏం చేయాలో ఇప్పుడు చూద్దాం.

ట్రాక్షన్ బార్లలో సాదా రకం స్లాపర్ బార్. అదేం పెద్ద విద్య కాదు. ఇరుసు దగ్గర స్ప్రింగు కింద బిగించి, ముందు కంటి దాకా సాగే ఉక్కు చెయ్యి. దాని ముందు కొసన రబ్బరు గుండు. హౌసింగ్ ముక్కు పైకి లేస్తే బార్ ముందు కొస కూడా లేచి, గుండు వెళ్లి కంటికి అడుగు నుంచి తగులుతుంది. అక్కడితో మెలి ఆగిపోతుంది. ఆగడమే కాదు, ఆ తోపు బాడీని పైకీ, టైరుని నేలకీ నొక్కుతుంది. ఇంత సులువైన పరికరంతో నేను నా మొదటి స్ప్రింగులు వంచుకున్నాను. పాత సామాన్ల సంతలో చవగ్గా ఒక జత దొరికితే, ఏ కారువో అడగకుండా తెచ్చి బిగించాను. అవి నాలుగంగుళాలు పొట్టి. గుండు కంటికి కాకుండా పట్టీ నడుముకి తగిలేది. మూడు వారాంతాలు బ్రహ్మాండంగా లాంచ్ అయింది, నేను అందరికీ చెప్పుకున్నాను కూడా. నాలుగో వారానికి కారు కుడి పక్కకి ఒరిగి నిలబడింది. పట్టీ ముందు సగం మోకాలు వంచినట్టు వంగిపోయింది. బార్ కొనేటప్పుడు మీరు కొలవాల్సింది ఒక్కటే, ఇరుసు మధ్య నుంచి ముందు కన్ను మధ్య దాకా దూరం. గుండు సరిగ్గా కంటి కిందే ఉండాలి.

గుండుకీ కంటికీ మధ్య సందు నేను మొదట ఎడమ పక్క అర అంగుళం, కుడి పక్క పావు అంగుళం పెడతాను, డ్రైవరు సీట్లో మనిషి కూర్చుని ఉండగా. కుడి పక్క తక్కువ ఎందుకో పైన చెప్పాను, తేలికపడేది ఆ చక్రమే. అక్కడి నుంచి మీ కారు ఏం చెబితే అది.

స్లాపర్ బార్లకి అన్నలాంటివి కాల్‌ట్రాక్స్ లాంటి బార్లు. వాటిలో ముందు కన్ను దగ్గర తిరిగే త్రికోణం ముక్క ఒకటి ఉంటుంది. ఇరుసు మెలి తిరగబోతే బార్ ముందుకి తోస్తుంది, ఆ త్రికోణం తిరిగి పట్టీ ముందు భాగాన్ని పై నుంచి నొక్కి పట్టుకుంటుంది. మెలి పుట్టించిన బలంతోనే మెలిని కట్టేయడం, నాకు చాలా నచ్చిన ఆలోచన. ఖరీదెక్కువ, సర్దుబాటుకి ఓపిక కావాలి. నెలకోసారి స్ట్రిప్‌కి వెళ్లేవాళ్లకి పెట్టిన డబ్బు దక్కుతుంది. వాటిని బిగిస్తే ఒంటిపట్టీ ఉన్నా దిగుల్లేదు.

ఐదు పట్టీల కట్ట మంచిదే, కారు రోడ్డు మీద కూడా నిబ్బరంగా ఉంటుంది. ఒక మెలిక ఉంది. ఒంటిపట్టీకి వాడిన మెత్తలూ కింది ప్లేట్లూ కట్టకి సరిపోవు, వాటిని కూడా కొనాలి. కట్ట వేస్తే ముందు సగంలో పట్టీల్ని కలిపి పట్టే క్లాంపులు గట్టిగా ఉండాలి, వెనక సగంలో వదులుగా ఉండొచ్చు.  మీరు పిల్లల్ని ఎక్కించుకుని ఆదివారాలు తిప్పుతాననీ, ఎప్పుడో ఒకసారి స్ట్రిప్‌కి వెళ్తాననీ రాశారు. నేనైతే ముందు సరైన పొడుగున్న స్లాపర్ బార్లతో ఒక సీజన్ గడిపేవాణ్ణి. స్ప్రింగులు దిగబడిపోయి కారు తోక కిందకుంటే మాత్రం బార్లు వద్దు, కట్టే తెచ్చుకోండి. దిగబడిన పట్టీకి ఏ బారూ ప్రాణం పోయలేదు.

1968లోలా షాకుల్ని ముందూ వెనకా పెట్టుకోవచ్చా అని మీరు అడగబోతారని నాకు తెలుసు. పెట్టుకున్నవాళ్లున్నారు, బాడీ రేకు కోసి మౌంట్ కట్టాలి. బార్లు ఉన్న కారుకి అంత కోత అనవసరం.

పినియన్ కోణం గురించి జనం అతిగా మాట్లాడతారు. అది సరిచేస్తే దబదబ పోదు, యూ-జాయింట్లు బతుకుతాయి. కారు బరువు మీద ఉన్నప్పుడు కొలవండి. గేర్‌బాక్స్ వెనక కొస 3 డిగ్రీలు కిందకి వాలి ఉందనుకుందాం. పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి చూస్తే రెండూ సమాంతరంగా ఉన్నట్టు. అలా సమాంతరం కావాల్సింది మీరు తొక్కినప్పుడు, నిలబడి ఉన్నప్పుడు కాదు. తొక్కితే ముక్కు లేస్తుంది కదా, కాబట్టి నిలబడి ఉన్నప్పుడు సమాంతరం కన్నా 2 నుంచి 4 డిగ్రీలు కిందకి ఉంచాలి. బార్లుంటే 2 చాలు, లేకపోతే 4 దగ్గర. ముక్కు దించాలంటే స్ప్రింగుకీ ఇరుసు సీటుకీ మధ్య వాలు షిమ్ (ఒక వైపు మందంగా ఉండే లోహపు ముక్క) పెట్టాలి, మందంగా ఉన్న వైపు కారు వెనక్కి ఉండేలా. ఉక్కు షిమ్‌లే తీసుకోండి, అల్యూమినియంవి నలిగి జారతాయి.

మీ స్నేహితుడి 1970 షెవెల్‌కి కూడా ఇదే మందు పనికొస్తుందా అన్నారు. పనికిరాదు. దానికి వెనక పట్టీలే లేవు, చుట్ట స్ప్రింగులు, ఇరుసుని పట్టుకోవడానికి నాలుగు చేతులు. అక్కడ మెలిని ఆపేది పై చేతులు, వాటి బుష్‌లు పోతే దబదబ. ఆయనకి ఒకటే చెప్పండి, పై చేతులు రెండు కొసలకీ గట్టి పాలీ బుష్‌లు వేయొద్దని. ఆ చేతులు ఏటవాలుగా ఉంటాయి, కారు ఒరిగినప్పుడు బుష్‌లో మెలి తిరగాలి. రెండు కొసలూ బిగిస్తే ఇరుసు బిగుసుకుపోయి, దబదబ పోయి మలుపుల్లో తోక జారడం మొదలవుతుంది. ఇరుసు వైపు మంచి రబ్బరు ఉంచి, కింది చేతులు బాక్స్ సెక్షన్‌వి వేస్తే వీధి కారుకి సరిపోతుంది.

మార్పులు చేసేటప్పుడు ఒక్కోసారి ఒక్కటే మార్చండి. మూడు కలిపి మారిస్తే ఏది పని చేసిందో దేవుడికే తెలియాలి. పరీక్ష వీధిలో కాదు. మీకు దగ్గర్లోనే హెబ్రన్‌లో నేషనల్ ట్రైల్ రేస్‌వే ఉంది, అలాంటి చోట మామూలు కార్లని కూడా రానిచ్చే రోజులుంటాయి. ప్రతిసారీ అదే టైరు గాలి, అదే ఆర్‌పీఎం. ఒక చిన్న యాక్షన్ కెమెరాని కారు అడుగున కుడి స్ప్రింగు ముందు సగం కనిపించేలా బిగించి, స్లో మోషన్‌లో తీయండి. మొదటిసారి ఆ వీడియో చూసినప్పుడు నాకు అన్నం సహించలేదు. అంత మందం ఉక్కు పట్టీ జడ రిబ్బనులా ఊగుతోంది. ఎక్కడ మొదలవుతోందో కంటితో చూశాక మాత్రం ఇక ఎవరి సలహా అక్కర్లేదు, నాది కూడా.

ముందు కన్ను బుష్‌వీ, రెండు పక్కల బ్రాకెట్ రేకువీ, ఇరుసు సీటు మెత్తలవీ దగ్గర నుంచి ఫొటోలు తీసి పెట్టండి. మట్టి తుడిచి తీయండి, అది నూనో తుప్పో తేల్చుకోవాలి. ఇరుసు మధ్య నుంచి కన్ను మధ్య దాకా కొలత కూడా రాయండి, రెండు పక్కలా. ఆ రెండు కొలతల్లో తేడా ఉంటే మనం మాట్లాడుకోవాల్సింది వేరే ఉంటుంది.